రెండో తొట్టి

పోయిన వారం నన్ను నేను మా అక్క లాండ్రీ గుమ్మంలో వదిలేశాను. ఒక కాలు లోపల, ఒక కాలు వీధిలో. పదకొండేళ్ళ తర్వాత సొంత ఊళ్ళో అడుగుపెట్టినవాడికి రెండు కాళ్ళూ ఒకేసారి లోపల పెట్టే ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? మీరు ఈ వారం రోజులూ మీ పనుల్లో పడిపోయి ఉంటారు. నేను మాత్రం ఆ గుమ్మంలోనే ఉన్నాను.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను, ముందునుంచీ చదువుతున్నవాళ్ళు విసుక్కోకండి. మా అక్కకి కుడి భుజం పట్టేసింది. ఇస్త్రీ మిషను పైమూత ఎత్తలేకపోతోంది. షాపు చూసుకోవడానికి రమ్మని ఉత్తరం రాసింది. చివర్న, "ఊరు మారిందిరా, ఇద్దరూ వచ్చెయ్యండి" అని ఒక వాక్యం. ఇద్దరూ అంటే నేనూ మాస్టారూ. ఆయన ఒకప్పుడు ఇక్కడి స్కూల్లో లెక్కలు చెప్పేవారు. పదమూడేళ్ళుగా మేమిద్దరం ఒకే కప్పు కింద, భార్యాభర్తలు ఎలా బతుకుతారో అలాగే బతుకుతున్నాం, పోట్లాటలతో సహా. ఇద్దరు మగవాళ్ళు అలా బతకడం మా ఊరికి గిట్టలేదు. రెండేళ్ళు ఇక్కడ గడిపి, మిగతా పదకొండేళ్ళు నగరంలో తలదాచుకున్నాం.

ఇప్పుడు మాస్టారికి చూపు పోతోంది. ఇంకో ఏడాదికి వెలుతురూ చీకటీ తప్ప ఏమీ తెలియదని డాక్టరు చెప్పాడు. నగరంలో ఆయన గది దాటితే చాలు, నా మోచెయ్యి పట్టుకోవాల్సిందే. ఈ ఊరైతే ఆయన కాళ్ళకి కంఠతా వచ్చు. ఏ సందులో ఎన్ని మెట్లు, ఏ మలుపు దగ్గర రోడ్డు పల్లంగా ఉంటుంది, అన్నీ. "నాకు కళ్ళతో పని లేని ఊరు అదొక్కటేనయ్యా" అన్నారు. నాకేమో ఈ ఊరి పేరు కూడా వినాలని ఉండదు. ఆయన్ని స్టేషను పక్కన లాడ్జిలో కూర్చోబెట్టి నేనొక్కణ్ణీ వచ్చాను. సాయంత్రం బండికి తిరుగు టిక్కెట్లు నా జేబులో ఉన్నాయి. ఉంటామా పోతామా అన్నది ఈలోపు నేను తేల్చాలి.

సరే, రెండో కాలు కూడా లోపల పెట్టాను.

లోపల అదే వాసన. నీలిమందు, తడి నూలు, వేడెక్కిన ఇనుము. అక్క నన్ను చూసి లేచి, ఎడమ చేత్తో నా జుట్టు సర్ది, "సన్నబడ్డావు" అంది. అంతే, పదకొండేళ్ళకీ కలిపి అదొక్క మాట. తర్వాత చెయ్యెత్తి చూపించబోయి భుజం దగ్గర ఆగిపోయి, నన్ను ఇస్త్రీ మిషను దగ్గరికి పంపించింది. పని చెప్పకుండా ప్రేమ చూపించడం మా వంశంలో ఎవరికీ చేతకాదు.

ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాలు గోడ పొడుగునా కమ్మీకి వేలాడుతున్నాయి. నేను ఒక్కో కాలరూ తిప్పి చూస్తూ నడిచాను. మా లాండ్రీలో చీటీలు, అంకెలు ఉండవు. కాలరు లోపల ఎర్రదారంతో ఒక చిన్న గుర్తు కుడతాం. ఒక గడపకి ఒక గుర్తు, అది నాన్న పెట్టిన పద్ధతి. ఒకసారి ఒక ఇంటికి ఇచ్చిన గుర్తు ఆ ఇల్లు మూతపడినా సరే ఇంకొకరికి ఇవ్వం. పెళ్ళయి కొత్త కాపురం పెట్టినవాళ్ళకి నాన్న కూర్చుని కొత్త గుర్తు కుట్టి ఇచ్చేవాడు. మా ఇంటి తరఫున అదే కానుక. రెండు అడ్డ కుట్లు మందుల షాపాయనవి. ఒక నిలువు, ఒక చుక్క మంగలివి. గుర్తులేవీ మారలేదు. లోపల మనుషులు లేకుండా వాళ్ళ చొక్కాలు మాత్రం నాకు వీపు పెట్టి వరసగా నిలబడ్డాయి. అప్పుడు కూడా చివరి రోజుల్లో వాళ్ళని నేను వెనకనుంచే చూసేవాణ్ణి.

పొద్దున్నంతా జనం వచ్చి పోతూనే ఉన్నారు. మంగలి చెయ్యి కలిపాడు. మందుల షాపాయన కౌంటరు మీదకి వంగి, "కులాసానా నాయనా? మాస్టారు ఎలా ఉన్నారు?" అని అడిగాడు. పట్టపగలు, నలుగురి ముందు, మాస్టారి మాట ఎత్తాడు. కళ్ళ సంగతి చెబితే అయ్యో అని, ఏవో చుక్కలమందుల పేర్లు కూడా చెప్పాడు. నేను కరిగిపోయాను. నా మెతకతనం ముందు పంచదార కూడా గట్టిదే. మధ్యాహ్నానికి మాస్టారి కుర్చీ కిటికీ పక్కన ఎక్కడ వెయ్యాలా అని చూసుకుంటున్నాను.

రెండు గంటలప్పుడు అక్క దుప్పట్ల బుట్ట నా చేతికిచ్చి పెరట్లో దండెం మీద ఆరెయ్యమంది. పెరటి తలుపు తీశాను.

పెరట్లోకి అడుగు పెట్టే ముందు మీకు పాత సంగతి ఒకటి చెప్పాలి. మేం వెనక వీధిలో మేడ మీద గది తీసుకుని కాపురం పెట్టిన కొత్తల్లో, ఒక మధ్యాహ్నం అక్క మా ఇద్దరి బట్టలూ ముందేసుకుని కూర్చుంది. నా బట్టల మీద పుట్టింటి గుర్తు విప్పేసింది, మాస్టారి బట్టల మీద ఆయన గుర్తు విప్పేసింది. రెండింటి మీదా ఒకే కొత్త గుర్తు కుట్టింది, చిన్న ఆకు. ఒక్క మాట మాట్లాడలేదు, పెళ్ళిళ్ళకి నాన్న కుట్టినట్టే కుట్టి మడతపెట్టి ఇచ్చింది. ఆ కాలరు చూసుకుని మాస్టారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. నాకు ఆ రోజు కలిగిన సంతోషం మళ్ళీ కలగలేదు.

ఊరు మమ్మల్ని గది పంచుకున్న స్నేహితులనుకుంది, లేదా అనుకున్నట్టు ఊరుకుంది. రెండేళ్ళ తర్వాత నేనే మూట కట్టడంలో పొరపాటు చేశాను. మాస్టారి చొక్కా, నా చొక్కా రెండూ మందుల షాపాయన మూటలోకి పోయాయి. ఆయన వాటిని కాగితంలో చుట్టి స్వయంగా తెచ్చాడు. "రెండు సైజులు, ఒకటే గుర్తు. ఒక గడపకే కదా ఒక గుర్తు?" అని నెమ్మదిగా అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. మరుసటి వారం మూటలకి గుచ్చిన చీటీలు రావడం మొదలైంది. "ఆకు గుర్తుతో కలపవద్దు." పెరట్లో మా బట్టల కోసం విడిగా రెండో తొట్టి వెలిసింది. స్కూలువాళ్ళు మాస్టారిని కొన్నాళ్ళు సెలవులో ఉండమన్నారు. మంగలి షాపులో మాకెప్పుడూ కుర్చీ ఖాళీ ఉండేది కాదు. ఎవరూ రాయి విసరలేదు, ఎవరూ గొంతు పెంచలేదు. అంత మర్యాద గల ఊరు మాది. తొమ్మిది వారాలకి రెండు సంచులతో బస్సెక్కాం. ఇప్పటికీ పక్కింట్లో ఎవరైనా తొట్టిలోకి నీళ్ళు వదిలితే నేను నిద్రలోంచి లేచి కూర్చుంటాను, మాస్టారు నా వీపు మీద చెయ్యి వేసి పడుకోబెడతారు.

ఇక పెరట్లోకి రండి.

రెండో తొట్టి అక్కడే ఉంది. తుప్పు పట్టి, బోర్లించి, కాకులు వాలుతూ ఉంటుందనుకున్నాను. అది నిండుగా ఉంది. సబ్బునీళ్ళ మీద నురగ ఇంకా విరగలేదు. అడుగున రెండు తెల్ల చొక్కాలు మునిగి ఉన్నాయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. మాస్టారు పొడుగు, నేను పొట్టి.

బుట్ట కింద పెట్టి నీళ్ళలో చెయ్యి పెట్టాను. కాలరు తిప్పాను. ఆకు. రెండోది తిప్పాను. ఆకు. మేం వెళ్ళిపోయిన సంగతి ఈ పెరటికి ఎవరూ చెప్పలేదేమో, ఈ పదకొండేళ్ళూ మా బట్టలు ఇక్కడ విడిగా నానుతూనే ఉన్నాయేమో అనిపించింది. నవ్వకండి. ఆ క్షణంలో మీరున్నా అలాగే అనుకునేవారు.

తర్వాత చేతులకి పని గుర్తొచ్చింది. చొక్కా పైకెత్తి చూశాను. బొత్తాలు ఎడమవైపు ఉన్నాయి. ఆడవాళ్ళవి.

వెనక్కి తిరిగేసరికి అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. క్లిప్పుల డబ్బా తెచ్చినట్టుంది, దాన్ని పొట్టకి ఆనించుకుని కదలకుండా చూస్తోంది.

"ఎవరివక్కా ఇవి?"

ఆస్పత్రిలో నర్సులవని చెప్పింది. ఇద్దరు. ఆరు నెలల కిందట బదిలీ మీద వచ్చి ఒకే గది తీసుకున్నారట. ఒకామె పొడుగు, ఒకామె పొట్టి. అదంతా చెబుతూ మధ్యలో నీళ్ళు ఎక్కువ పొంగాయని కుళాయి వైపు చూసింది. కుళాయి కట్టేసే ఉంది.

"ఊరు మారిందని రాశావు."

"పలకరిస్తున్నారు కదరా. నువ్వే చూశావుగా."

"చీటీలు మళ్ళీ వస్తున్నాయా?"

అక్క తల అడ్డంగా ఊపింది. ఈసారి ఎవరూ చీటీ పంపలేదంది. మరి ఈ తొట్టి ఎందుకు నిండిందని అడిగాను. ఆవిడ క్లిప్పుల డబ్బా మూత తీసింది, పెట్టింది. నాకు తెలిసి మా అక్క ఎదురుగా నిలబడి అబద్ధం చెప్పలేదు, ఉత్తరంలో అయితే చెప్పగలదు.

"ఎవరూ అడక్కముందే నేనే విడిగా వేశాను. అప్పుడూ అంతేరా."

అర్థం కాలేదు. అర్థం కాకూడదని గట్టిగా అనుకున్నానేమో కూడా. అక్క గడప మీద కూర్చుని, తల ఎత్తకుండా, ఉన్నదున్నట్టు చెప్పింది. మందుల షాపాయన ఆ చొక్కాలు తెచ్చిచ్చిన సాయంత్రమే ఆవిడ షాపు కట్టేసి బయల్దేరిందట. ఇల్లిల్లూ తిరిగిందట. మా తమ్ముడి బట్టలు ఇకనుంచి విడిగా ఉతుకుతాను, మీ బట్టలతో కలపను, మీరేం కంగారు పడకండి అని ప్రతి గుమ్మంలోనూ చెప్పిందట. అప్పటికి ఆ మందుల షాపాయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. సగం ఇళ్ళవాళ్ళకి ఈవిడ ఏం చెబుతోందో కూడా ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఓహో, అలా చెయ్యొచ్చన్నమాట అని తెలిసొచ్చింది. చీటీలు ఆ తర్వాతే వచ్చాయి.

"ఎందుకక్కా?"

"రంగు దిగే బట్ట ఉంటే ఏం చేస్తాం? నాలుగు ఉతుకులు విడిగా వేస్తాం. రంగు ఆగాక మళ్ళీ అన్నిటితో కలిపేస్తాం. నేనూ అదే అనుకున్నాను. నాలుగు వారాలు విడిగా వేస్తే ఊరు మర్చిపోతుంది, తర్వాత ఎప్పటిలా కలిపెయ్యొచ్చు అనుకున్నాను. నాకు ఉతకడం తప్ప ఇంకేం తెలుసురా?"

నా కోపానికి పదకొండేళ్ళుగా ఒక అడ్రసు ఉండేది, రెండు అడ్డ కుట్ల మనిషి. రాత్రిళ్ళు మాటలు తయారు చేసుకుని ఆయన మీద పోసేవాణ్ణి. ఇప్పుడు ఆ మాటలకి అడ్రసు లేకుండా పోయింది. మా పెళ్ళి గుర్తు కుట్టిన చెయ్యే ఈ తొట్టిలో నీళ్ళు పోసింది. ఆ చెయ్యి ఇప్పుడు పైకి లేవడం లేదు, ఒళ్ళో పడి ఉంది. దాన్ని పట్టుకోవాలనీ అనిపించింది, విదిలించాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

ఈ సంగతి మాస్టారికి ఏ మొహం పెట్టుకుని చెప్పనని మాత్రం అన్నాను.

"ఆయనకి తెలుసు" అంది అక్క.

మేం బస్సెక్కే ముందురోజు ఆయన దగ్గరికి వెళ్ళి అంతా చెప్పి ఏడ్చిందట. మాస్టారు విని, మంచినీళ్ళు ఇచ్చి, ఒక్కటే కోరారట. "వాడికి చెప్పొద్దమ్మా. ఊరు ఎలాగూ పోయింది, అక్కయినా మిగలనివ్వండి" అన్నారట. పదకొండేళ్ళు ఒక మంచం మీద పడుకున్న మనిషి, నేను మందుల షాపాయన్ని తిడుతుంటే పక్కనే కూర్చుని వింటూ ఊరుకున్న మనిషి. తెలిసే ఈ ఊరికి వద్దామన్నారు. నేనేమో ఆయనకి ముఖాలు కనిపించవు, ఈ ఊరి గొంతులు మర్యాదగా ఉంటాయి కాబట్టి మోసపోతారని భయపడ్డాను. మా ఇద్దరిలో చూపు ఎవరికి తక్కువో నాకప్పుడు తెలిసింది.

నర్సులకి ఆకు గుర్తు ఎందుకిచ్చావని అడిగాను. ఇచ్చిన గుర్తు ఇంకొకరికి ఇవ్వకూడదన్నది నాన్న మాట. ఈమధ్య వాళ్ళు మొదటిసారి బట్టలు వేసినప్పుడు రెండు రోజులు సూది పట్టుకుని కూర్చున్నానని, చేతికి వేరే గుర్తు రాలేదని చెప్పింది. కుట్టాక భయం వేసిందట. మళ్ళీ తొట్టి కడిగిందట.

పెరటి గేటు చప్పుడైంది.

పొడుగాటి మనిషి, ముప్ఫై ఏళ్ళుంటాయి. ఆస్పత్రి బట్టల్లోనే ఉంది. గేటు లోపలికి ఒక్క అడుగు వేసి అక్కడే ఆగింది. "అక్కగారూ, అరుగు మీద పెట్టి వెళ్ళండి, తీసుకుంటాను" అంది. ఆ మాటలో కోపం లేదు, బాధ లేదు, చేతికి చెయ్యి తగలకుండా ఇచ్చిపుచ్చుకోవడం అలవాటైపోయినవాళ్ళ మాట. ఆ తొమ్మిది వారాలూ సరిగ్గా అదే మాట నేను పాలకేంద్రం కిటికీ దగ్గర అనేవాణ్ణి. ఈవిడ చేతి ఇంజక్షను ఊరికి కావాలి, ఈవిడ బట్ట తగిలిన నీళ్ళు మాత్రం పనికిరావు.

ఇస్త్రీ చేసిన వాళ్ళ మూట తలుపు పక్కన చెక్కబీరువాలో ఉంది. నేను తీశాను. అరుగు మీద పెట్టలేదు.

"ముందు గుమ్మంలోంచి రండి. కౌంటరు దగ్గర ఇస్తాను."

అక్క గబుక్కున వెనక్కి తిరిగి చూసింది. ముందు గదిలో జనం ఉన్నారు, వినపడుతూనే ఉంది. ఆ నర్సు నన్ను పైనుంచి కిందదాకా చూసి, మీరెవరని అడిగింది.

"మీ కాలరు మీద ఉన్న గుర్తు మాది."

ఆవిడ మొదటిసారి గేటు వదిలి నా వైపు నడిచింది.

"మీరా. మేముండేది మీ గదిలోనే. కిటికీ పక్కన గోడ మీద పెన్సిలుతో లెక్కలున్నాయి. సున్నం వేయిస్తామంటే మేమే వద్దన్నాం."

గోడ మీద ఆ లెక్కలు మాస్టారు నాకు నేర్పబోయి ఓడిపోయినవి. మాస్టారు బాగున్నారా అని అడిగింది, చూపు సంగతి చెప్పాను. ఆవిడ మందుల పేర్లు చెప్పలేదు, ఏ కన్ను ముందు తగ్గిందని మాత్రం అడిగింది. తర్వాత, ఈ ఊళ్ళో నా గురించీ మాస్టారి గురించీ చచ్చిపోయినవాళ్ళ గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుంటారని, పేరెత్తాల్సి వస్తే గొంతు తగ్గిస్తారని అంది. తొట్టి మొదలై ఐదు వారాలైందని కూడా చెప్పింది. ఆ లెక్క అక్కకి చెబుతున్నట్టు అటు చూసి చెప్పింది.

"మీరు ఊరు వదలడానికి తొమ్మిది వారాలు పట్టిందట. అది ఊరందరికీ గుర్తుంది. మాకూ అంతే పడుతుందని చూస్తున్నారు. మీరు వెళ్ళిపోయారని నేను తప్పు పట్టను. కానీ మీరు వెళ్ళిపోబట్టే వాళ్ళకి నమ్మకం కుదిరింది."

ముందు గదిలో గంట మోగింది. "అమ్మాయీ, మూట సిద్ధమైందా?" అని మందుల షాపాయన గొంతు వినిపించింది, ఎంతో మెత్తగా. అక్క లేచి నిలబడింది, లోపలికి మాత్రం వెళ్ళలేదు.

నర్సు నా చేతుల్లోంచి మూట తీసుకుంది. ఆవిడ వేళ్ళు నా వేళ్ళకి తగిలాయి, ఆవిడ వెనక్కి లాక్కోలేదు. గేటు వైపు తిరగలేదు కూడా. నా భుజం మీదుగా, ముందు గదిలోకి పోయే దారిలోకి చూసింది.

"ఇవాళ ముందు గుమ్మంలోంచే పోతాను, అదేం పెద్ద పని కాదు. రేపు మేమిద్దరం మూటతో వస్తాం. కౌంటరు వెనక మీరుంటారా? ఉండనంటే చెప్పెయ్యండి, ఎప్పటిలాగే గేటులోంచి పోతాను."